సీటు దాకా రిజర్వేషన్, ఆ తర్వాత ఎవరి సిఫారసు?

(ఉప్పల్‌లో ఎంబీఏ విద్యార్థులతో, వాళ్ళ తల్లిదండ్రులతో మాట్లాడిన మాటల పాఠం)



ఉప్పల్, నాచారం, మల్లాపూర్ బస్తీల్లో ఇయ్యాల ఎంబీఏ చదివే మన పిల్లలున్నరు. ఐసెట్ రాసి, రిజర్వేషన్‌తో సీటు తెచ్చుకొని, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తదా అని కాలేజీ ఆఫీసు ముందు నిలబడి చదువుతున్నరు. ఇది ఎవరో దానం చేసింది కాదు. వైస్రాయి కౌన్సిల్లో బాబాసాహెబ్ కొట్లాడితే 1944లో పై చదువుల స్కాలర్‌షిప్ మొదలైంది.

అయితే సీటు వేరు, కొలువు వేరు. ఒకే కాలేజీ, ఒకే మార్కులు. ఒకరు మెట్రో ఎక్కి రాయదుర్గం ఆఫీసుకు పోతరు, ఇంకొకరు సూపర్ మార్కెట్‌లో బిల్లులు కొడతరు. ఈ తేడా ఎక్కడ మొదలైతున్నదని మేము పిల్లల్ని అడిగి చూసినం. రెండు నెలల ఇంటర్న్‌షిప్ దగ్గరే మొదలైతున్నది. మేనమామ బ్యాంకులో ఉన్న పిల్లవాడు బ్యాంకులో నేర్చుకుంటడు. ఫోన్ చేసేవాళ్ళు లేని మన పిల్ల అమీర్‌పేటలో తయారు చేసిన ప్రాజెక్టు రిపోర్టు కొనుక్కొని అట్ట మీద తన పేరు వేయించుకుంటది. లేదంటే ఇంటర్న్‌షిప్ పేరు మీద ఎండలో ఇల్లిల్లూ తిరిగి క్రెడిట్ కార్డులు అమ్ముతది. జీతం లేదు, బస్సు చార్జీలు కూడా అమ్మ పైసలే. దాన్ని మేము చదువు అనం, వెట్టి అంటం.

చదువుంటే చాలు, కులం అడ్డం రాదనేవాళ్ళు ఒక సంగతి వినాలె. కొలంబియాలో చదివొచ్చిన అంబేద్కర్‌కు 1917లో బరోడాలో ఉండ ఇల్లు దొరకలేదు. బొంబాయికొచ్చి షేర్ల మీద సలహాలిచ్చే ఆఫీసు తెరిస్తే, ఆయన కులం తెలిసినంక గిరాకీ ఆగిపోయింది. 1918లో సిడెన్‌హాం కామర్స్ కాలేజీలో ప్రొఫెసరైతే, తోటి ప్రొఫెసర్లు తమ కుండలో నీళ్ళు ముట్టొద్దన్నరు. వ్యాపార చదువులు చెప్పే కాలేజీ అది!

పాత కాలం అంటరా? సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో అచ్చేసిన అధ్యయనం చూడండి. ఒకే తీరు అర్హతలున్న దరఖాస్తులను వేరువేరు కులాల ఇంటి పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపినరు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు తక్కువొచ్చింది. 2010 నాటి వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల లెక్క ఇంకొకరు తీసినరు. నూటికి 93 మంది అగ్రకులాలు. ఎస్సీ, ఎస్టీలు కలిపి మూడున్నర. సిఫారసు ఫోన్ ఎత్తేది ఎవరో తెలిసిపోయింది గదా.

చట్టం సంగతి ఇంకా విచిత్రం. మెషిన్ మీద పని నేర్చుకునే అప్రెంటిస్‌కు 1961 చట్టంలో 1973 సవరణతో ఎస్సీ, ఎస్టీ వాటా వచ్చింది. ప్రైవేటు కంపెనీ గదిలో కూర్చొని మేనేజర్ పని నేర్చుకునేవానికి అటువంటి వాటా లేదు. 2024 అక్టోబర్‌లో కేంద్రం నెలకు 5 వేలిచ్చే ఇంటర్న్‌షిప్ పథకం తెచ్చింది. అప్పటి నిబంధనల్లో ఎంబీఏ చదివినవాళ్ళను అసలుకే పక్కన పెట్టినరు.

తల్లులకు ఒక మాట. నాచారం కంపెనీల్లో కాంట్రాక్టరు కింద ప్యాకింగ్ పని చేసే మీకు ఏ షిఫ్టులో సరుకు ఎంత పోతది, ఎక్కడ పాడైతది, పీఎఫ్ ఎట్ల కోస్తరు, అన్నీ తెలుసు. మీ బిడ్డ ఆ లెక్కనే ప్రాజెక్టుగా రాయాలె. ఇంటర్వ్యూలో కుటుంబం గురించి అడిగితే తల దించుతున్నరు మన పిల్లలు. మా అమ్మ ప్యాకింగ్‌లో పని చేస్తది, ఆ పని మీదనే నా ప్రాజెక్టు, ఇగో లెక్కలు అని ముందర పెట్టాలె.

కాలేజీలను మేము అడిగేది ఇది: ఏ విద్యార్థిని ఏ కంపెనీకి పంపినరో జాబితా నోటీసు బోర్డు మీద పెట్టండి. తెలిసినవాళ్ళు లేని పిల్లలకు చోటు చూపించే బాధ్యత కాలేజీదే. భృతి ఇయ్యని కంపెనీకి పంపొద్దు. కొలువుల్లో ఉన్న మనవాళ్ళు కూడా కాలనీ మారినంక బస్తీ ఫోన్లు ఎత్తకపోతే ఎట్ల? మీ ఆఫీసుల్లో ఖాళీ ఉంటే ముందు ఇక్కడ చెప్పండి.

తలుపు దగ్గర రిజిస్టరు పెట్టినం. పేరు, కాలేజీ, సెమిస్టరు, ఇంటర్న్‌షిప్ దొరికిందా లేదా, దొరికితే ఎవరి ద్వారా, పైసలిచ్చిన్రా, ఇవన్నీ రాసి పొండి. ఆ రిజిస్టరు పట్టుకొనే వచ్చేవారం ప్రిన్సిపాళ్ళ దగ్గరికి పోతున్నం. తల్లులు కూడా రావాలె.