కూలీ పెరగకముందే లెక్క చూసుకుందాం

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కనీస వేతనాలనగానే మనకు మిర్యాలగూడ రైసుమిల్లులు గుర్తొస్తాయి. సాగర్ ఎడమ కాలువ కింద పండే ధాన్యంతో పెరిగిన మిల్లులవి. 1948 కనీస వేతనాల చట్టం షెడ్యూలులోనే బియ్యం, పిండి, పప్పు మిల్లులున్నాయి. అయినా ఊడ్చే, చెరిగే, ఎండబోసే ఆడవాళ్ళ పని 'తేలిక పని'గానే లెక్కకొచ్చింది. దీని గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ మన ఇంటి సంగతి మాట్లాడదాం. మహిళా సంఘాలు నడిపే కుట్టు కేంద్రాలు, పచ్చళ్ళ యూనిట్లు, సూర్యాపేట, కోదాడ బజార్లలో మన అక్కచెల్లెళ్ళ చిన్న దుకాణాలు - వేతనం పెరిగినప్పుడు వీటిలో ఏం జరుగుతోంది?

ముందు ఒక ఆడమనిషిని మాన్పిస్తారు. లేదా రోజు కూలీని పీసు రేటుకి మారుస్తారు. "మాకూ గిట్టుబాటు కావడం లేదు" అంటారు. అది అబద్ధం కాకపోవచ్చు. కాని భరించే శక్తి లేదన్నది సాకు కాదని సుప్రీంకోర్టు 1954లో బిజయ్ కాటన్ మిల్స్ కేసులోనే చెప్పింది. కరువు పనికి వచ్చినవాళ్ళకైనా కనీస వేతనం కంటే తక్కువిస్తే అది వెట్టేనని 1983లో సంజిత్ రాయ్ కేసులో తేల్చింది. రాజస్థాన్‌లో ఆ రోడ్డు పని చేసినవాళ్ళలో చాలామంది దళిత స్త్రీలు. 2025 నవంబరు 21న వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఇక 'మా పని షెడ్యూలులో లేదు' అనే దారి కూడా మూసుకుపోయింది.

మరి ఎలా సిద్ధపడాలి?

మొదటిది, తేదీలు. మన రాష్ట్రంలో కరువు భత్యాన్ని ఏప్రిల్, అక్టోబరుల్లో సవరిస్తూ వచ్చారు. వేతన రేట్లను అయిదేళ్ళకు మించకుండా సమీక్షించాలని చట్టం అంటుంది. కాబట్టి పెంపు పిడుగులా వచ్చిపడేది కాదు. దానికోసం నెలనెలా కొంత పక్కన పెట్టుకోవచ్చు.

రెండోది, ఖర్చులో కూలీ వాటా. వంద రూపాయల ఖర్చయ్యే పచ్చడి సీసాలో కూలీ 25 రూపాయలనుకుందాం. కూలీ 20 శాతం పెరిగితే ఖర్చు పెరిగేది 5 రూపాయలే. అదే కుట్టు పనిలో కూలీ 60 రూపాయలైతే 12 పెరుగుతుంది. బట్టలు కుట్టించుకునేవారితో ఈ లెక్క ఆర్డరు ఒప్పుకోకముందే మాట్లాడాలి. ఒప్పుకున్నాక ఆ లోటు కుట్టేవాళ్ళ మీదే పడుతుంది.

మూడోది, పీసు రేటు. మామూలు వేగంతో కుట్టే మనిషి పక్కన గడియారం పెట్టుకుని కూర్చోండి. దారం మార్చడం, విప్పి మళ్ళీ కుట్టడం కూడా పనే. ఎనిమిది గంటల్లో 16 జాకెట్లయితే, రోజు కనీస వేతనం 480 అనుకుంటే, జాకెట్టుకు 30 రూపాయలు రావాలి. మనం 20 ఇస్తుంటే రోజుకు 160 రూపాయలు ఆమే మనకు అప్పిస్తున్నట్టు. తిరిగి రాని అప్పు అది.

నాలుగోది, కనబడని శ్రమ. కూలిమనిషిని మాన్పించి ఆ పని ఇంటి కోడలితో చేయిస్తే ఖర్చు తగ్గినట్టు కాదు, పుస్తకంలోంచి మాయమైనట్టు. యజమానురాలు తన రోజుకూ వెల కట్టి రాసుకోవాలి. అప్పుడే సరుకు అసలు ధర తెలుస్తుంది.

రేపు మిల్లు యజమానుల దగ్గరకు వెళ్ళే ముందు మన కేంద్రాల హాజరు పుస్తకం, జీతాల పుస్తకం పక్కపక్కన పెట్టి చూద్దాం. అక్కడ లోటుంటే పనిచేసే అక్కలతోనే కూర్చుని, ఎంత బాకీ ఉన్నామో, ఎప్పటిలోగా తీరుస్తామో రాసి గోడకు అతికిద్దాం.