గాలి చెప్పిన టైమే టైము



విమానం ఎక్కడం ఇప్పుడు మనకేమంత వింత కాదు. పిల్లల దగ్గరికనీ, పెళ్ళిళ్ళకనీ ఎక్కుతూనే ఉన్నాం. కాని కొండల నడుమ ఉండే చిన్న విమానాశ్రయం సంగతి వేరు. అక్కడ టిక్కెట్టు మీద వేసిన టైము చెల్లదు. ఈ ముక్క నాకు మా అత్తగారితో నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకి వెళ్ళినప్పుడు తెలిసివచ్చింది.

ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి గనక మనవైపు వాళ్ళు చాలామంది వెళుతుంటారు. పోఖరా నుంచి జోమ్‌సోమ్ దాకా విమానం, అక్కణ్ణించి జీపు. విమానంలో ఇరవై నిమిషాల దారి. జీపులో అయితే ఒక పగలంతా పడుతుంది. ఒక పక్క 8,167 మీటర్ల ధవళగిరి, మరో పక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ. మధ్య కాళీగండకి లోయ వెంట ఆ చిన్న విమానం ఎగురుతుంది.

వెళ్ళడం సుఖంగానే వెళ్ళాం. దర్శనమూ బాగా అయింది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే.

జోమ్‌సోమ్‌లో తెల్లవారకుండానే సామానుతో హాజరయ్యాం. విమానం రాలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాటి రాత్రికి గోరఖ్‌పూర్‌లో మా రైలు. పైగా అత్తగారి బీపీ మాత్రలు అయిపోయాయి. రోజులు లెక్కపెట్టి, సరిగ్గా అన్నే సర్దింది నేనే! ఆ కంగారులో కౌంటరు దగ్గర కుర్రాడి మీద విరుచుకుపడ్డాను. "ఆకాశం అద్దంలా ఉంటే విమానం ఎందుకు రాదయ్యా?" అని.

అతను ఓపిగ్గా చెప్పాడు. ఇక్కడ తెరిపిగా ఉన్నా పోఖరాలో మబ్బు పట్టిందట. ఆ మబ్బు విడేసరికి ఇక్కడ గాలి మొదలవుతుందట. ఎండెక్కేకొద్దీ ఉత్తరాన ముస్తాంగ్ మెరక వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది. దాని చోటులోకి కింది లోయల గాలి ఇరుకు సందుగుండా ఉరుక్కుంటూ వస్తుంది. అంచేతే విమానాలన్నీ పొద్దుటిపూటే.

నేనింకా గొణుగుతుంటే అత్తగారు, "పొయ్యి గాలికి ఆరిపోతుంటే గాలిని తిడుతూ కూచుంటామటే? తలుపు వేసుకుంటాం. నడు, జీపు చూడు" అన్నారు.

బజారంతా తిరిగితే ఒక మందుల షాపులో అదే మందు వేరే పేరుతో దొరికింది. డాక్టరు చీటీ దగ్గరుండబట్టి సరిపోయింది. రైలు తప్పింది, ఒళ్ళు హూనమైంది, కాని మనుషులం క్షేమంగా ఇల్లు చేరాం. 2022 మే 29న పోఖరా నుంచి జోమ్‌సోమ్ బయల్దేరిన చిన్న విమానం కూలి 22 మందీ పోయారు. వారిలో నలుగురు మన దేశస్థులు. అది తలుచుకున్నప్పుడల్లా ఆ కుర్రాడితో అలా మాట్లాడినందుకు నాకు సిగ్గేస్తుంది. ఎగరనన్న విమానాన్ని ఎగరమని మనం ఒత్తిడి చేయకూడదు.

అలాంటి చోటికి వెళ్ళేవారు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. తిరుగు రైలుకి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. రోజువారీ మందులు వారం రోజులకి ఎక్కువే పెట్టుకుని, చీటీతో సహా చేతిసంచిలో ఉంచండి. శాలువా, స్వెట్టరు కూడా అందులోనే. పాస్‌పోర్టో, ఓటరు కార్డో మరవకండి. జీపు ఖర్చుకి డబ్బు విడిగా దాచండి.

ఇక సామాను. అంత ఎత్తున గాలి పలచన గనక రెక్కలకి పట్టూ తక్కువే, ఇంజనుకి బలమూ తక్కువే. అందుకే తూచి మరీ ఎక్కిస్తారు. మా ఆవకాయ సీసా పోఖరాలోనే ఉండిపోయింది. మీ సీసా ఇంట్లోనే ఉంచి వెళ్ళండి; తిరిగొచ్చాక తినొచ్చు.

సెలవు.