నిమిషానికి 120 అడుగులు

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కాబట్టి రోడ్ల గురించో, ప్రాజెక్టుల గురించో మాట్లాడతానని కార్యదర్శి గారు అనుకున్నారు. నేను బ్యాండు గురించి మాట్లాడతాను. మా 1985 పదో తరగతి బ్యాచ్‌లో ఒకడు ఇరవై నాలుగేళ్లు సైన్యంలో ట్రంపెట్ వాయించాడు. ఇక్కడే వెనక వరుసలో ఉన్నాడు. పేరు చెప్పొద్దని మాట తీసుకున్నాడు.

వాళ్ల నాన్న బ్యాండు మేస్త్రి. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది: ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, టోపీ. అది పెళ్లి బట్ట కాదు, పల్టన్ బట్ట. తెల్లదొరల పటాలాల బ్యాండును చూసే పెళ్లి మేళాలు ఆ వేషం కట్టాయి. మన పాలమూరుకు ఇందులో ఇంకో పాత చుట్టరికం కూడా ఉంది. వనపర్తి రాజా దగ్గరున్న ఆఫ్రికా సిద్దీ సైనికులు తర్వాత నిజాం కొలువులో చేరారు. హైదరాబాద్‌లో ఏ.సి.గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఇవాళ పెళ్లిళ్లలో మోగే మర్ఫా ఆ సిద్దీల నుంచి, అరబ్బుల నుంచి వచ్చిందే. సిపాయి వాయిద్యం పెళ్లింటికి రావడం మనకు కొత్త కాదన్నమాట.

ఆ మేళం బతుకంతా దారి మీదే. ముహూర్తాల రోజుల్లో ఇవాళ దేవరకొండ, రేపు కల్వకుర్తి, ఎల్లుండి అచ్చంపేట. డ్రమ్ములు బస్సు టాపు మీద, ట్రంపెట్ ఒళ్లో. రాత్రంతా బరాత్, తెల్లవారి మొదటి బస్సు. మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా కూలి పనే. అందరూ తిన్నాక చివరి బంతిలో, అదీ పందిరి అవతల, వాళ్లకు విస్తరి పడేది. మావాడు బడి మానేసి తండ్రి వెంట తాళాలు కొట్టడానికి పోయేవాడు. ఆ సంగతి తెలిసి మన లెక్కల సారు వాణ్ణి ఆదివారాలు ఇంటికి పిలిచి పాఠం చెప్పారు. సార్ ఇవాళ ముందు వరుసలోనే ఉన్నారు.

ఇంటర్ తర్వాత సికింద్రాబాద్‌లో భర్తీకి వెళ్లి సైన్యం బ్యాండుకు ఎంపికయ్యాడు. శిక్షణ మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో. 1950లో, జనరల్ కరియప్ప కాలంలో, అక్కడ సైనిక సంగీత శిక్షణ మొదలైంది. చెవితో నేర్చినవాడు అక్కడే మొదటిసారి నొటేషన్ చదివాడు. "మళ్లీ ఓనమాలు దిద్దుతున్నట్టుందిరా" అని ఉత్తరం రాశాడు.

పెరేడ్‌లో నిమిషానికి 120 అడుగులు, అడుగుకు 30 అంగుళాలు. లెక్క వేస్తే గంటకు ఐదున్నర కిలోమీటర్లు. ఆ నడకలో ఊపిరి తప్పకుండా వాయించాలి. మన బరాత్ గంటకు అర కిలోమీటరు నడిస్తే గొప్ప. అయినా "బరాతే కష్టం, ఎక్కడ ఆగాలో పెళ్లికొడుకు మేనమామకు కూడా తెలియదు" అంటాడు.

జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ మనం టీవీలో చూస్తాం. రోజుల తరబడి రైళ్లు, ట్రంకు పెట్టెల మీద నిద్ర, ఇంట్లో ఏ శుభకార్యానికీ అందకపోవడం టీవీలో కనిపించవు. యుద్ధమొస్తే బ్యాండు వాళ్లు వాయిద్యం పక్కన పెట్టి స్ట్రెచర్లు మోయాలి.

ఇంజనీరుగా నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. గాలిలో శబ్దవేగం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355. అంటే ఏడు శాతం తేడా. పక్కపక్క స్వరస్థానాల మధ్య తేడా ఆరు శాతమే. ఊపిరి వెచ్చదనం కొంత సర్దినా, చలికొండల్లో ట్రంపెట్ శ్రుతి దిగుతుంది, మన మే నెల ఎండలో ఎక్కుతుంది. గొట్టాన్ని లోపలికి నెట్టో బయటికి లాగో సరిచేయాలి. వాళ్ల నాన్న ఈ లెక్కలేవీ చదవకుండానే, మిట్టమధ్యాహ్నం ఎదుర్కోలుకు ముందు గొట్టం వేలు మందం బయటికి లాగేవాడు.

ఆ తండ్రి పోయినప్పుడు మావాడు ఈశాన్య సరిహద్దులో ఉన్నాడు. మూడో రోజుకు గాని ఇల్లు చేరలేదు. మేళం వాళ్లే ముందు నడిచి, వాయించి మేస్త్రిని సాగనంపారట.

2020 జూన్ 18న, గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్ బాబుకు సూర్యాపేట దగ్గర కేసారంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆ సాయంత్రం మావాడు ఫోన్ చేశాడు. అప్పటికి రిటైరై ఇంట్లోనే ఉన్నాడు. ఇలాంటి చోట తాను ఎన్నిసార్లు లాస్ట్ పోస్ట్ వాయించాడో ఎప్పుడూ చెప్పడు. బ్యూగిల్‌కు మీటలుండవు, స్వరాలన్నీ పెదవులతోనే పలికించాలి. ఎదురుగా ఒక తల్లి ఏడుస్తుంటుంది. పెదవి వణికితే స్వరం జారిపోతుంది. "మనుషుల్ని చూడను. దూరంగా ఏదో ఒక చెట్టును చూస్తూ వాయిస్తా" అన్నాడు.

ఈ ఉదయం ఊరేగింపుకు డీజే పెడదామని కమిటీలో మాట వచ్చింది. మేళాన్ని పిలుద్దామన్నది నేనే. భోజనం మొదటి బంతిలోనే పెట్టాలని షరతు కూడా పెట్టాను. ఇందాక మనతో కూర్చుని తిన్న పన్నెండు మంది వాళ్లే.

ఇక నేను అడగవలసింది ఒకటుంది. శనివారాలు వచ్చి మన బడి పిల్లలకు బ్యాండు నేర్పుతానని మావాడు అంటున్నాడు. జీతం వద్దన్నాడు. హెడ్మాస్టరు గారు గది ఇస్తామన్నారు. నాలుగు ట్రంపెట్లు, రెండు సైడ్ డ్రమ్ములు, ఒక బేస్ డ్రమ్ము కావాలి. ఒక ట్రంపెట్ ఖర్చు నాది. మిగతావాటికి పేర్లు రాయడానికి గుమ్మం దగ్గర బల్ల మీద నోటుబుక్కు పెట్టాం. ఆడపిల్లల్నీ చేర్చుకోవాలని మావాడు ముందే చెప్పాడు.