కుంటే కుక్క - ఎముకలోని రాచపుండు



నేను సేద్యశాస్త్రం బోధించేవాడిని. చెనక్కాయ సాళ్ల ఎడము, విత్తన మోతాదు చెప్పవలసినవాడు కుక్క కాలి సంగతి ఎత్తుకున్నాడేమని మీకు అనిపించవచ్చును. కాని మన మెట్టచేలలో రాత్రిపూట అడవిపందిని ముందుగా పసిగట్టేది కుక్కే గదా! దాని కాలు చెడితే సగం కావలి చెడినట్లే.

మా ఇంట చేను కాచిన పెద్ద కుక్క ఒకటి ఉండేది. ఎనిమిదేండ్ల వయసులో ముంగాలు కుంటసాగింది. ముల్లు దిగిందనుకొని వెదికాము, కనబడలేదు. బెణికిందని మా తాత వాత పెట్టాడు. పాదం కీలుకు పైన గట్టి వాపు పుట్టి, నెలనెలకూ పెరిగింది. ఒకనాడు గట్టు దూకగానే ఆ కాలు పుటుక్కున విరిగింది. ఎముక విరిగితే మన ప్రాంతంవారికి పుత్తూరు కట్టు గుర్తుకు వస్తుంది. మేమూ ఆకుపసరు వేసి, బద్దలతో కట్టు కట్టాము. అతకలేదు. దెబ్బకు విరిగిన ఎముక వేరు, లోపల తినివేయబడి విరిగిన ఎముక వేరు అని నాకు చాలా ఏండ్లకు, పశువైద్యుడైన మిత్రుడొకరు అటువంటి ఎక్స్‌రే పటం చూపినప్పుడు గాని తెలియలేదు.

ఈ ఎముక క్యాన్సరును ఆస్టియోసార్కోమా అంటారు. పెద్ద జాతి కుక్కలలో, ఏడెనిమిదేండ్లు దాటినవాటిలో ఎక్కువ. ముంగాలిలో పాదం కీలుకు పైన, భుజం దగ్గర, వెనుక కాలిలో మోకాలి చుట్టూ తరచుగా పుడుతుంది. కనుక రెండు వారాలకు తగ్గని కుంటు, ఎముకపై గట్టి వాపు కనబడితే వాత మానండి, ఎక్స్‌రే తీయించండి. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లోనే ఏర్పడినది; 2005 నుండి అక్కడ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమే ఉన్నది.

వ్యాధి తేలిన తరువాత సాధారణంగా చేసేది కాలు తీసివేయడం. ఈ మాట వినగానే యజమాని గుండె బరువెక్కుతుంది. అయితే బాధపెట్టే ఎముక పోతే కుక్కకు ప్రాణం తేలికపడుతుంది; చాలా కుక్కలు కొద్ది వారాలలోనే మూడు కాళ్లతో పరుగెత్తుతాయి. మిగిలిన కాళ్ల కీళ్లు అరిగినవాటికి, మరీ బరువైనవాటికి మాత్రం కష్టం.

అటువంటివాటి కోసం కాలు నిలిపే శస్త్రచికిత్స కలదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 1980 దశకంలో దీనిని బాగా అభివృద్ధి చేశారు. గడ్డ ఉన్న ఎముక భాగాన్ని కోసి తీసి, ఆ ఖాళీలో చనిపోయిన కుక్క నుండి సేకరించి భద్రపరచిన ఎముకనో, లోహపు ముక్కనో ఉంచి, ఉక్కు పట్టీతో, మరలతో బిగిస్తారు. పాదం కీలు ఇక వంగదు. కాని కాలు బరువు మోస్తుంది. ముంగాలిలో పాదం కీలుకు పైన పుట్టిన గడ్డకే ఇది బాగా కుదురుతుంది. వ్యాధి ఎముక పొడవులో సగానికి మించి పాకి ఉండరాదు. భుజం, మోకాలి దగ్గర ఫలితం అంతగా ఉండదు. చికిత్స పొందినవాటిలో దాదాపు సగం కాళ్లకు చీము పడుతుంది. వింత ఏమంటే, చీము పట్టిన కుక్కలే మరికొంత ఎక్కువ కాలం బ్రతికినట్లు వైద్యులు గమనించారు!

కాలు తీసినా, నిలిపినా ఆయుర్దాయంలో పెద్ద తేడా లేదు. ఎందుకంటే వ్యాధి బయటపడేనాటికే పదింట తొమ్మిది కుక్కలలో దాని విత్తనాలు, ఎక్స్‌రేకు అందనంత సన్నగా, ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. కాలు తీసి ఊరుకుంటే సగం కుక్కలు నాలుగైదు నెలలలోపే పోతాయి. కార్బోప్లాటిన్ వంటి మందు సూదులు కూడా వేస్తే ఆ గడువు సుమారు పది నెలలు, ఏడాదికి పెరుగుతుంది. రెండేండ్లు దాటేవి అయిదింట ఒకటి. ఈ లెక్క ముందే విని, మీ చేతి డబ్బు చూసుకొని నిర్ణయించుకోండి. కాలు నిలిపే ఖర్చుకు అప్పు చేయమని నేను చెప్పను.

ఏదీ చేయించలేనివారు నొప్పి తగ్గే మందైనా వైద్యునిచేత వ్రాయించుకోవలెను. మనుషుల ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేయకండి. కుక్కకు కడుపులో పుండ్లు పడి, మూత్రపిండాలు చెడతాయి. మందుకు కూడా నొప్పి లొంగనినాడు, బాధ తెలియకుండా ప్రాణం తీసే సూది అడగడంలో పాపం లేదని నా అభిప్రాయం.

ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు వాపుపై నూనె మర్దన చేయవద్దు, కుక్కను నడిపించవద్దు. గోనెపట్టాపై పడుకోబెట్టి, ఇద్దరు పట్టి బండిలోకి ఎక్కించండి. దూకనిస్తే ఆ ఎముక దారిలోనే విరగవచ్చును.