మా వీధి ఎక్కడ కలుస్తది?

పట్నం పెరిగితే దారులు పెరుగుతాయనుకున్నాం. పెరిగింది రోడ్ల వెడల్పు; వీధికి వీధిని కలిపే సందులు తగ్గాయి. 2007లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను హైదరాబాదులో కలిపారు. పట్నం చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు వేశారు. దానిమీద కాలినడకకు చోటు లేదు, మోటారు సైకిలుకూ లేదు.

పొలాలు ప్లాట్లయ్యాయి, గేటెడ్ కమ్యూనిటీలు లేచాయి. లోపలి వీధులు ప్రహరీకి తగిలి ఆగిపోతాయి. ఆ ఇళ్లలో పనికి పోయే మనోళ్లు బస్సు దిగి గోడ చుట్టూ తిరగాలె. కారున్నోడికి పోయేది పెట్రోలు. నడిచేటోళ్లకు పోయేది కూలి పొద్దు.

ఊళ్లో వాడను వేరు చేసింది కులం. పట్నంలో ఆ పని లేఅవుటు కాగితం చేస్తోంది. తమిళనాడు ఉత్తపురంలో 1989లో దళితులకు అడ్డంగా కట్టిన గోడను కొంత పగలగొట్టడానికే 2008 దాకా పట్టింది. ఇల్లు కూలితే మళ్లీ కడతారు. వీధి ఒకసారి పడితే తరాలు మారదు.

అందుకే గోడ లేచాక ఏడ్వడం కాదు, లేఅవుటుకు అనుమతిచ్చే నాడే నిలదీద్దాం: మా బస్తీ వీధి ఇందులో ఎక్కడ కలుస్తది? దారి ఒకరు పెట్టే దయ కాదు, మన హక్కు. జై భీమ్!