గృహశకటము కుదుపు: నిదానము, చికిత్స



నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. యంత్రశాస్త్రమున నాకు పాండిత్యము లేదు. అయినను మా ఇంట జరిగిన యొక సంగతి వలన మోటారుబండి కుదుపును గూర్చి కొంత నేర్చుకొనవలసి వచ్చినది. అది మీకును పనికివచ్చునని మనవి చేయుచున్నాను.

మన గోదావరి సీమలో నడిచెడి ఇల్లు క్రొత్త వస్తువు కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. ఆ కాలువలపై మన పెద్దలు పడవలలో పయనించుచు అందే భుజించి, అందే నిద్రించెడివారు. నీటికి మెత్తదనము సహజము గావున ఆ యింటికి కుదుపు లేదు. గట్టుమీది గూడుబండి అట్లు కాదు. ఇరుసునకును బండికిని నడుమ మెత్తని వస్తువేదియు లేనందున, చక్రము దిగిన ప్రతి గుంటను ప్రయాణికుని వెన్నెముకయే లెక్కించెడిది. ఎండుగడ్డియు, దానిపై పరచిన బొంతయు మాత్రమే ఉపశమనము. పిదప గాలిచక్రముల బండి వచ్చినది. బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు డన్‌లప్ దొర 1888లో గాలి నింపిన రబ్బరు చక్రమునకు హక్కుపత్రము పొందెను. ఆయన పేరే మన డన్‌లప్ బండికి నిలిచినది. ఇక బండియే ఇల్లుగా ఊరూర తిరుగవచ్చునని 1982లో నందమూరి తారక రామారావు గారి చైతన్యరథము మన పల్లెలకు చూపినది. అదియు పాత షెవర్లే బండిని మార్పించి చేసినదే.

మా మేనల్లుడు పాత చిన్నబస్సు నొకదానిని కొని, రవాణా శాఖవారి అనుమతి పొంది, అందు నాలుగు పడకలు, పొయ్యి, నీటితొట్టి అమర్పించెను. కార్తికమాసమున పంచారామములు సేవింపవలెనని మా అక్కగారి చిరకాల వాంఛ. ఐదింటిలో ద్రాక్షారామము, సామర్లకోట, పాలకొల్లు, భీమవరము మన సీమలోనివే. అమరావతి యొక్కటి కృష్ణాతీరమున నున్నది. డెబ్బదియైదేండ్ల ఆమెను పాలకొల్లు చేర్చునప్పటికి నడుము పట్టివేసి పడక దిగలేకపోయినది. “ఒరే తమ్ముడూ, శివుడు మనింట్లోనూ ఉన్నాడురా. నన్ను ఇంటికి చేర్చండి చాలు” అన్నది. అమరావతి దర్శింపకయే తిరిగివచ్చితిమి.

బండి వెనుకభాగము క్రుంగియున్నదని ఒక కర్మశాలలో చూపితిమి. వారు వెనుక కమాను కట్టలలో చెరి రెండు పట్టీలు చేర్చిరి. బండి ఎత్తు లేచినది. సొమ్ము వ్యయమైనది. కుదుపు మాత్రము ఇనుమడించినది! రోగము నెరుగక మందు వేసిన ఫలమిది.

ఏల అట్లయినది? కమాను ఎంత బరువునకు అంత వంగునను నియమమును హుక్ అను ఆంగ్ల పండితుడు 1678లో ప్రకటించెను. బండి బరువునకు కమాను ఇరువదియైదు సెంటీమీటర్లు వంగినచో, బండి నిమిషమునకు సుమారు 60 మారులు ఊగును. ఆరు సెంటీమీటర్లే వంగినచో 120 మారులు ఊగును. మెల్లగా నడచు మనిషి అడుగుల వేగమునకు దగ్గరగా, అనగా అరువది మొదలు తొంబది వరకు గల ఊపు శరీరమునకు హాయి. అంతకంటె మిక్కిలి త్వరితమైనది నడుమునకు శత్రువు. పట్టీలు చేర్చినకొలది కమాను బిగియును, వంగుట తగ్గును, ఊపు త్వరితమగును. పెద్ద బరువునకు చేసిన బండి ఖాళీగా పోవునపుడు ఎగిరెగిరి పడుటకును ఇదియే కారణము.

కావున వైద్యుడు నాడి చూచినట్లు క్రమముగా పరీక్షింపవలెను. మొదట బరువు. బండిని నిండు సామానుతోను, మనుష్యులతోను కాటాపై నిలిపి, ముందు ఇరుసు బరువును, వెనుక ఇరుసు బరువును వేరువేరుగా తూచవలెను. మా బండిలో రెండువందల లీటర్ల నీటితొట్టి, అనగా నిండినపుడు రెండువందల కిలోల బరువు, వెనుక ఇరుసునకు కడు వెనుకగా నుండెను. బండి తోలినవారికి దీని ఫలము చెప్పనక్కరలేదు. వెనుక బరువు హెచ్చినచో కాడి పైకి లేచును గదా! మోటారునందును అంతే. ముందు ఇరుసు తేలికయగును, వెనుక ఇరుసుపై తొట్టి బరువుకంటెను ఎక్కువ భారము పడును. తొట్టిని రెండు ఇరుసుల నడుమకు జరిపించితిమి. క్రుంగుట చాలవరకు తీరినది.

రెండవది గాలి. తోలువాడు చక్రములలో నిండు లారీకి వలె గాలి కొట్టించియుండెను. అట్టి చక్రము రాతివలె నుండును. తూచిన బరువును బట్టి, టైరు చేసినవారి పట్టికలో చెప్పినంత గాలి, బండి నడువకముందు ఉదయమున చూచి నింపవలెను. అంతకు తగ్గింపరాదు. తగ్గినచో టైరు వేడెక్కి పగులును.

మూడవది త్రుప్పు. కమాను వంగునపుడు పట్టీలు ఒకదానిపై నొకటి జారవలెను. త్రుప్పుపట్టి అతుకుకొన్నచో అన్నియు కలిసి ఒక్క దిమ్మవలె నగును. నేర్పరియైన పనివాని చేత కట్ట విప్పించి, చేర్చిన పట్టీలను తీయించి, మిగిలినవానిని గీకించి, గ్రాఫైటు కలిసిన గ్రీజు పూయించితిమి. కొనలయందలి అరిగిన బుష్షులను మార్పించితిమి.

నాలుగవది షాక్ అబ్జార్బరు. ఇది బరువు మోయదు. లోపలి నూనెను చిన్నరంధ్రముల గుండ పోనిచ్చి, ఊపును అణచును. గుంటల త్రోవలో కొంతదూరము నడిపి, నిలిపినవెంటనే చేయి దగ్గర నుంచి చూడుడు. పనిచేయునది వెచ్చగా నుండును. చల్లగా నున్నది చచ్చినదని తెలియవచ్చును. మా వెనుక రెండును చల్లగా నుండెను, ఒకదాని నుండి నూనెయు కారుచుండెను. వానిని మార్చితిమి.

ఇన్నియు చేసిన పిమ్మటనే కమాను మార్చుటను తలపెట్టవలెను. నడుమ దళసరిగా, కొనల పలుచగా నుండు కొలది పట్టీల కమానులు కలవు. వానిలో రాపిడి తక్కువ. బరువును బట్టి గాలి పెంచి తగ్గింపదగిన రబ్బరు తిత్తులును కలవు. ఇవి మంచివే గాని వ్యయము హెచ్చు. పైగా తిత్తులు చేర్చినంతమాత్రమున బండి మోయదగిన బరువు పెరుగదని గుర్తుంచుకొనవలెను. మాకు వాని యవసరము రాలేదు.

ఒక్కొక్క చికిత్స ఎంత పనిచేసినదో తెలియుటకు నిండు చెంబును వెనుక ఇరుసునకు పైగా నేలపై నుంచి, ఒకే కాలువగట్టు బాటలో, ఒకే వేగముతో, ఒకే దూరము నడిపి, మిగిలిన నీరు కొలుచుచు వచ్చితిమి. తొలుత సగమునకు పైగా ఒలికెడిది. కడపట అంచున కొంచెమే తగ్గినది. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుటచే బాటలు అలలవలె నగును. కావున ఎంత మంచి బండియైనను ఇచ్చట మెల్లగా నడుపుటయే కడపటి చికిత్స.

మరుసటి కార్తికమున అక్కగారిని అమరావతికి గొనిపోయితిమి. త్రోవలో ఆమె నిద్రించినది. ఇల్లు చేరిన పిమ్మట నడుము ఎట్లున్నదని అడిగితిని. అందులకు బదులు చెప్పక, “అన్నవరం ఎప్పుడురా?” అని అడిగినది.

పెద్దలారా! మీ ఇండ్లలోని పిల్లలు ఇట్టి బండిని చేయింపనెంచినచో, కమానుకు చేయి పెట్టకముందు కాటాకు తోలుకొనిపొమ్మని చెప్పుడు. సెలవు.