విదేశీ అప్పు – గడువు చిక్కు

ఎదుగుతున్న ఆర్థిక వ్యవస్థకు యంత్రాలు, చమురు, సాంకేతిక పరిజ్ఞానం బయటి నుంచి కావాలి. వాటి ఖర్చు ఎగుమతులు తెచ్చిపెట్టే డాలర్లను మించినప్పుడు ఆ తేడాను విదేశీ డబ్బు పూడుస్తుంది. అయితే వచ్చే డబ్బంతా ఒకే రకం కాదు. కార్ల ఫ్యాక్టరీగా నిలబడిన పెట్టుబడి ఒక్క రోజులో వెనక్కి పోలేదు. షేర్లలో పెట్టిన డబ్బు పోగలదు గానీ, పడిపోయిన ధరకు అమ్ముకుని పోవాలి కనుక నష్టంలో దానికీ వాటా ఉంటుంది. మూడు నెలలకో ఆరు నెలలకో ఇచ్చిన బ్యాంకు రుణం అలా కాదు. గడువు తీరగానే అసలంతా డాలర్లలోనే చెల్లించాలి. ఎదుగుతున్న దేశాలను దెబ్బతీసిన సంక్షోభాల్లో అప్పు పరిమాణం కంటే దాని గడువు, కరెన్సీలే ఎక్కువసార్లు అసలు కారణమయ్యాయి.

దీనికి థాయ్‌లాండ్‌ను మించిన ఉదాహరణ లేదు. 1985 తర్వాత పదేళ్లపాటు ఆ దేశం ఏటా సగటున 8–9 శాతం చొప్పున వృద్ధి చెందింది. దుబారా దేశమన్న నింద దానికి వర్తించదు. ప్రజలు జాతీయాదాయంలో మూడో వంతు పొదుపు చేసేవారు, ప్రభుత్వ బడ్జెట్ మిగులులో ఉండేది. పెట్టుబడి మాత్రం 40 శాతం దాటింది. 1993లో ప్రారంభించిన బ్యాంకాక్ అంతర్జాతీయ బ్యాంకింగ్ సదుపాయం విదేశీ రుణాలకు తలుపులు బార్లా తెరిచింది. బాత్ విలువ డాలరుకు సుమారు 25 దగ్గర దాదాపు స్థిరంగా ఉండేది. దేశంలో వడ్డీ రెండంకెల్లో ఉండగా డాలర్ రుణం దానికి సగం వడ్డీకే దొరికేది. మారకపు రేటు కదలదన్న ధీమాతో కంపెనీలు, ఫైనాన్స్ సంస్థలు డాలర్లు తెచ్చి బాత్‌లుగా మార్చి అప్పులిచ్చాయి. అందులో పెద్ద భాగం బ్యాంకాక్ భవనాల్లోకి వెళ్లింది. తెచ్చినది స్వల్పకాలిక రుణం, కట్టినవి ఏళ్ల తరబడి నిలిచే ఆస్తులు. పైగా ఆ భవనాల అద్దె బాత్‌లలో వస్తుంది, తీర్చాల్సిన అప్పు డాలర్లలో ఉంది.

1995 మధ్య నుంచి యెన్ మీద డాలర్ బలపడింది. డాలరుతో ముడిపడిన బాత్ కూడా దానితోపాటే బలపడి, థాయ్ సరుకు ఖరీదెక్కింది. మరుసటి ఏడాది ఎగుమతుల వృద్ధి ఆగిపోయింది, కరెంటు ఖాతా లోటు జాతీయోత్పత్తిలో 8 శాతానికి చేరింది. ఖాళీ భవనాలు లెక్కకు వచ్చాయి. మారకపు వ్యాపారులు బాత్‌ను అమ్మడం మొదలుపెట్టాక కేంద్ర బ్యాంకు దాన్ని కాపాడేందుకు డాలర్లను ఫార్వర్డ్ ఒప్పందాల్లో, అంటే తర్వాతి తేదీన ఇస్తామన్న మాట మీద, అమ్ముతూ పోయింది. పుస్తకాల్లో నిల్వలు 3,000 కోట్ల డాలర్లకు పైగా కనిపించినా, అందులో 2,300 కోట్లకు మించి అప్పటికే అమ్ముడైపోయిన సొమ్ము. ఈ లెక్క 1997 ఆగస్టులో గానీ బయటపడలేదు. జూన్ 30న ప్రధాని చవలిత్ బాత్ విలువ తగ్గించబోమని ప్రజలకు హామీ ఇచ్చారు. 1997 జులై 2న స్థిర విలువను వదిలేశారు. కొత్త ఏడాది తొలి నెలలో డాలరుకు 50 బాత్‌లు దాటాయి. అంటే డాలర్లలో తీసుకున్న అప్పు, తీసుకున్నవారు ఒక్క బాత్ కూడా అదనంగా ఖర్చు చేయకుండానే, సొంత కరెన్సీలో రెట్టింపయింది. కార్యకలాపాలు నిలిపివేసిన 58 ఫైనాన్స్ సంస్థల్లో 56 1997 డిసెంబరులోనే శాశ్వతంగా మూతపడ్డాయి. దక్షిణ కొరియాలో కథ కొంత వేరైనా గడువు చిక్కు అదే. 

భారత్ 1991లో ఇదే గోతిలో మరో దారి నుంచి పడింది. ఇక్కడ మూలం ప్రైవేటు భవనాలు కాదు, ప్రభుత్వ లోటు. కువైట్ యుద్ధంతో చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి కార్మికులు తిరిగొచ్చారు, ప్రవాస భారతీయులు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. మార్చి చివరికి బంగారంతో కలిపి నిల్వలు సుమారు 580 కోట్ల డాలర్లు కాగా, స్వల్పకాలిక విదేశీ రుణం సుమారు 850 కోట్లు. మొత్తం విదేశీ రుణంలో అది పదో వంతే, అయినా నిల్వలతో పోలిస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు. ముందు 20 టన్నుల బంగారాన్ని తిరిగి కొనే షరతుతో స్విస్ బ్యాంకుకు అమ్మారు. జులైలో దాదాపు 47 టన్నులను ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల వద్ద తాకట్టు పెట్టారు. జూన్ 21న ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువను జులై 1న, 3న రెండు విడతలుగా తగ్గించింది. సంస్కరణలను పొగిడేవారూ తిట్టేవారూ లైసెన్సుల రద్దునే ఎక్కువగా చెబుతారు. స్వల్పకాలిక రుణానికి కళ్లెం వేయడం, దాన్ని తర్వాతి ప్రభుత్వాలూ వదలకపోవడం అంతకంటే తక్కువ మేలేమీ చేయలేదు. 1997లో తూర్పు ఆసియా కుప్పకూలినా భారత్ నిలదొక్కుకోవడానికి అదొక ముఖ్య కారణం.

ఆ తర్వాత రెండు పాఠాలు వాడుకలోకి వచ్చాయి. ఒకటి, ఏడాదిలో తీర్చాల్సిన విదేశీ రుణానికి సరిపడా నిల్వలు ఉండాలన్నది. దీన్ని గిడొట్టి–గ్రీన్‌స్పాన్ సూత్రం అంటారు. రెండోది, వచ్చే డబ్బు వేగాన్నే తగ్గించడం. చిలీ 1991 నుంచి విదేశీ రుణంలో కొంత భాగాన్ని వడ్డీ లేకుండా కేంద్ర బ్యాంకులో ఉంచాలని నిబంధన పెట్టింది. తక్కువ గడువు రుణానికి ఆ భారం ఎక్కువ పడేది. వై.వి. రెడ్డి రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉన్న 2003–08 కాలంలో భారత నిల్వలు సుమారు మూడింతలయ్యాయి. నిల్వలు ఉచితం కాదు. వాటిని పెట్టే అమెరికా బాండ్లపై వచ్చే వడ్డీ తక్కువ, దేశం తన అప్పులపై చెల్లించే వడ్డీ ఎక్కువ. ఆ తేడా ఏటా మోయాల్సిన బీమా ప్రీమియం లాంటిది.

అంత ప్రీమియం కట్టినా 2013 మేలో అమెరికా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోలు తగ్గించవచ్చని సూచించగానే ఇండోనేషియా, బ్రెజిల్, టర్కీ, దక్షిణాఫ్రికాలతో పాటు భారత్ కూడా కుదుపుకు లోనైంది. 2012–13లో కరెంటు ఖాతా లోటు జాతీయోత్పత్తిలో 4.8 శాతం. ఆగస్టు 28న డాలరు 68 రూపాయలు దాటింది. సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ప్రవాసుల విదేశీ కరెన్సీ డిపాజిట్లకు రాయితీ మార్పిడి సదుపాయం ప్రకటించింది. ఆ డిపాజిట్లు సుమారు 2,600 కోట్ల డాలర్లు తెచ్చాయి. కనీస గడువు మూడేళ్లు కావడంతో చెల్లింపు ఎప్పుడన్నది ముందే తెలుసు, దానికి డాలర్లు ముందే కూడబెట్టారు. 2016 చివరి నెలల్లో ఆ మొత్తం బయటికి వెళ్లినప్పుడు మార్కెట్ పెద్దగా చలించలేదు.